బల్ల మీద ఎడారి యుద్ధం

పెద్దపల్లి జిల్లా ఎలిగేడు మండలం ధూళికట్టలో సాతవాహనుల నాటి మట్టికోట ఉంది, దాని దగ్గరే బౌద్ధ స్తూపం. పడగలెత్తిన ముచలింద నాగును చెక్కిన రాతిపలకలు అక్కడ బయటపడ్డాయి. అలాంటి చోట్ల బతికిన భిక్షువులు దేనికి దూరంగా ఉండాలో బౌద్ధ గ్రంథం దీఘ నికాయంలోని మొదటి సుత్తం, బ్రహ్మజాలం, ఏకరువు పెడుతుంది. ఎనిమిది గళ్ల, పది గళ్ల పలకల మీద ఆటలు కూడదు. పలక లేకుండా మనసులోనే గళ్లు ఊహించుకుని ఆడటమూ కూడదట! ఉత్తుత్తి పోరాటాలు, సైన్యాల బారులు, వ్యూహాలు వేడుకగా చూడటం కూడా నిషిద్ధమే.

ఈ రెండు నిషేధాలనూ ఒకే బల్ల మీద దాటేసే ఆట వార్‌గేమ్. ఆరు మూలల గళ్లున్న ఎడారి మ్యాపు పరుస్తారు. దాని మీద అర అంగుళం అట్టముక్కలు. ముక్క మీద దీర్ఘచతురస్రంలో గుడ్డు ఆకారం ఉంటే అది ట్యాంకుల దళం. కింది అంకెల్లో ఒకటి దాని బలం, ఇంకొకటి అది కదలగల గళ్లు. పాచిక వేసి పట్టిక చూస్తారు. ఓడిన ముక్క డబ్బాలోకి పోతుంది.

ఇలా బల్ల మీదికెక్కిన పోరుల్లో ఒకటి 1991 ఫిబ్రవరి 26న ఇరాక్ ఎడారిలో అమెరికన్లకూ ఇరాకీలకూ మధ్య జరిగింది. దానికి ఊరి పేరు కూడా లేదు. ‘73 ఈస్టింగ్’ అన్నది మ్యాపు మీది నిలువు గీత. ఇసుకగాలిలో అమెరికన్ల థర్మల్ సైట్లకు ఇరాకీ ట్యాంకులు వేడి మచ్చల్లా దొరికిపోయాయి. కెప్టెన్ మెక్‌మాస్టర్ దళం తొమ్మిది ట్యాంకులతో 23 నిమిషాల్లో 28 ట్యాంకులను ధ్వంసం చేసింది. తన ట్యాంకు ఒక్కటీ పోలేదు.

మనుషులు కాలిపోయిన ఆ సాయంత్రాన్ని ఆడుకోవడం అధర్మమా?

భిక్షువులకు పెట్టిన వినయ నియమాలు ఇక్కడ కాస్త పట్టువిడుపు చూపిస్తాయి. తగిన కారణం లేకుండా భిక్షువు యుద్ధానికి కదిలిన సైన్యాన్ని చూడబోరాదు. కారణం ఉంటే రెండు మూడు రాత్రులు సైన్యం దగ్గర ఉండొచ్చు, అప్పుడు కూడా వ్యూహాల తమాషాకు వెళ్లకూడదు. అంటే తప్పు వేడుకలో ఉంది. కానీ ఏది వేడుక, ఏది పని? మార్క్ హెర్మన్ 1983లో రూపొందించిన ‘గల్ఫ్ స్ట్రైక్’ అంగట్లో అమ్మిన ఆటే. 1990 ఆగస్టు 2న కువైట్ మీద ఇరాక్ దాడి చేయగానే పెంటగాన్ అతన్ని పిలిపించి, ఆ ఆటతోనే లెక్కలు వేయడం మొదలుపెట్టింది.

వార్‌గేమ్ ఆటగాడికి దగ్గరి చుట్టం ధృతరాష్ట్రుడు. యుద్ధం చూసేందుకు కళ్లిస్తానన్నాడు వ్యాసుడు. అయినవాళ్లు చావడం చూడలేనన్నాడు రాజు, జరిగిందంతా పూసగుచ్చినట్టు వింటానన్నాడు. రక్తం వద్దు, వివరం కావాలి. వార్‌గేమ్ అమ్మేదీ అదే.

అయితే ఈ ఆట ఇద్దరిది. ఎవరో ఒకరు ఇరాక్ వైపు కూర్చోక తప్పదు. ఓటమి ఖాయమైన పక్షానికి కాసేపు నిలబడితే చాలు, పాయింట్లు వస్తాయని రూపకర్తలు నియమం పెడుతుంటారు. అది ఆట రక్తి కట్టడానికే, చచ్చినవాళ్ల మీద జాలితో కాదు. అయినా ఆ పక్షాన కూర్చున్నవాడు, ఎదుటివాడు తనను చూస్తున్నాడు, తాను వాణ్ని చూడలేడు అనే స్థితిలో గంటసేపు ఆలోచించాల్సి వస్తుంది. మరోసారి పక్షాలు మార్చుకుంటారు. ధృతరాష్ట్రుడు మాత్రం సంజయుడు చెప్పినంతసేపూ కొడుకుల పక్షానే కూర్చుని విన్నాడు.