మొదటి విస్తరి లెక్క

ఒక ఊళ్లో ఒక మోతుబరి కూతురి పెళ్లి చేశాడు. భోజనాల వేళ గుమాస్తాను పిలిచి, "బంతిలో జంటగా, పక్కపక్కన కూర్చున్న బంధువులెవరో చూసి రాసుకో. వాళ్లకు బట్టలు పెడదాం" అన్నాడు.

తినేవాళ్ల మధ్య ఎవరూ తిరగకూడదని ఆ ఇంటి కట్టడి. బంతికొక పెద్దను నిలబెట్టారు. ఏం తెలుసుకోవాలన్నా అతన్నే అడగాలి.

గుమాస్తా జాబితా పట్టుకుని వచ్చాడు.

"పిన్నిగారి దంపతులు ఎక్కడున్నారు?"

"మూడు విస్తళ్లు దాటి."

"మునసబుగారి దంపతులు?"

"ఏడు దాటి."

"కోడలి తరఫు వాళ్లు?"

"గుమ్మానికి ఒక అడుగు అవతల." రానివాళ్ల గురించి అతను చెప్పే మాట అదే.

గుమాస్తాకు లెక్క దొరికింది. దాటాల్సిన విస్తళ్లుంటే మనుషులు ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

"మేనమామగారి దంపతులు?"

"సున్న."

సున్న అంటే ఏమీ లేదనేగా! పేరు పక్కన 'రాలేదు' అని రాసుకున్నాడు.

బట్టలు అందరికీ అందాయి. పొద్దున బుట్టలో మేనకోడల్ని పెళ్లిపీటల దగ్గరికి మోసుకొచ్చిన మేనమామకు మాత్రం అందలేదు. గౌరవంగా మొదటి విస్తరి ముందు కూర్చోబెట్టిన మనిషి, చెయ్యి కడుక్కుని భార్యను లేవమన్నాడు, బండి కట్టమన్నాడు.

మోతుబరి పరుగున వచ్చాడు. బంతి పెద్దను నిలదీస్తే, "నేను తప్పు చెప్పలేదండీ. ఆయన దగ్గరికి వెళ్లడానికి ఒక్క విస్తరి కూడా దాటక్కర్లేదు. అదే చెప్పాను" అన్నాడు. "విన్నదే నేనూ రాశాను" అన్నాడు గుమాస్తా.

వడ్డన చూస్తున్న ముసలమ్మ గరిటె కింద పెట్టింది. "నీకు కావలసింది వాళ్లు ఉన్నారా లేదా అన్న సంగతి. నువ్వడిగిందేమో ఎక్కడున్నారని. ఉన్నారా అనే అడగచ్చు కదా, నాయనా?"

"ఆ మాట చెప్పడం నాకెవరూ నేర్పలేదమ్మా" అన్నాడు బంతి పెద్ద.

"ఇప్పుడు నేర్చుకో" అంది ముసలమ్మ.

నీతి: ఏది తెలుసుకోవాలో అదే అడగాలి. వేరే ప్రశ్నకు వచ్చిన జవాబును మన ప్రశ్నకు అతికిస్తే, కళ్లెదుట ఉన్నవాడే లేనివాడవుతాడు.

ప్రోగ్రామర్లకు ఆ బంతి స్ట్రింగ్, విస్తళ్ల ముందు కూర్చున్నవి అక్షరాలు. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ పద్ధతిలో స్ట్రింగ్ లోపల మనం తిరగం, దాని మెథడ్‌నే అడుగుతాం. జావాలో మొదటి నుంచీ ఉన్నది ఇండెక్స్‌ఆఫ్. వెతికే ముక్క ఎక్కడ మొదలవుతుందో సున్న నుంచి లెక్కపెట్టి చెబుతుంది. లేకపోతే మైనస్ ఒకటి అంటుంది. ఆ జవాబు సున్న కంటే పెద్దదా అని చూస్తే "హైదరాబాద్"లో "హైద" లేదని తేలుతుంది. సున్నను కూడా కలుపుకునే చూడాలి.

2004లో జావా 5తో కంటెయిన్స్ వచ్చింది. ఉంటే ట్రూ, లేకపోతే ఫాల్స్. లోపల అది పిలిచేది ఇండెక్స్‌ఆఫ్‌నే. కానీ సున్నను ఎలా చూడాలన్న తీర్పు ఒక్కచోట సరిగ్గా రాసేశారు కాబట్టి ప్రతి గుమాస్తా మళ్లీ తేల్చుకోనక్కర్లేదు. పీహెచ్‌పీలో ఇదే తిప్పలు ఇంకాస్త ముదిరాయి. ముక్క దొరక్కపోతే స్ట్ర్‌పాస్ ఫాల్స్ ఇస్తుంది, మొదట్లోనే దొరికితే సున్న ఇస్తుంది. రెండు ఈక్వల్స్ గుర్తులతో పోలిస్తే ఆ భాషకు రెండూ ఒకటే. మూడు గుర్తులు పెట్టాలని తెలియక ఎందరో పొరపడ్డారు. ఉందా లేదా అని నేరుగా చెప్పే ఫంక్షన్ 2020లో పీహెచ్‌పీ 8తో గానీ రాలేదు.

అయితే కంటెయిన్స్ కూడా అడిగినంత మేరకే చెబుతుంది. "పరమేశ్వర్"లో "రమ" ఉందా అంటే ఉందంటుంది. యూనికోడ్‌లో "మే" ఒక్క అక్షరం కాదు, "మ" తర్వాత ఏత్వం గుర్తు. కాబట్టి "ర", "మ" అక్కడ నిజంగానే పక్కపక్కన ఉన్నాయి. ఖాళీ స్ట్రింగ్ ఉందా అన్నా ఉందనే అంటుంది. సెర్చ్ పెట్టెలో ఏమీ రాయకుండా నొక్కితే జాబితా మొత్తం రావడం అందుకే. రమ అనే మనిషి కావాలంటే ముక్క ఉందా అని కాదు, పేరు మొత్తం ఇదేనా అని ఈక్వల్స్ మెథడ్‌ను అడగాలి.