మామ అంటించిన నల్ల టేపు

జనగామలో ఒక టీవీ మెకానిక్. మానుకోటలో వాళ్ల అక్కకు మిర్చి బజ్జీల బండి. ఇద్దరికీ పనికొస్తుందని తమ్ముడు తుపాకీలా గురిపెట్టి వేడి చూసే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి చవకలో కొన్నాడు.

మొదటి రోజే ఒక ఇన్వర్టర్‌లో తళతళలాడే అల్యూమినియం హీట్‌సింక్‌కు గురిపెట్టాడు. 41 డిగ్రీలు చూపింది. ఇంతేనా అని కరెంటు తీసేసి వేలు పెట్టాడు. బొబ్బ లేచింది. అక్క దగ్గరా అదే తంతు. మెరిసే స్టీలు మూకుడు అంచుకు గురిపెడితే 60 దాటలేదు, నూనెలో పడ్డ బజ్జీ మాత్రం చూస్తుండగానే మాడింది.

"పైసలన్నీ నీళ్లల్ల పోసినవ్ తమ్మీ" అన్నది అక్క.

దసరాకు మేనమామ వచ్చాడు. భూపాలపల్లి దగ్గర చెల్పూరు కరెంటు ప్లాంటులో పనిచేసి రిటైరైన మనిషి. సంగతి విని, పెంబర్తి నుంచి తెచ్చుకున్న ఇత్తడి చెంబును తోమించి, అందులో సలసల కాగే నీళ్లు పోయించాడు. చెంబుకు గురిపెడితే 43. దాని పొట్టకు చిన్న నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, కాసేపాగి ఆ టేపుకు గురిపెట్టాడు. 91.

"మిషన్ అబద్ధమాడలే అల్లుడా. నువ్వు అద్దాన్ని అడిగినవ్. అది ఎదురుగున్న గోడ సంగతి చెప్పింది."

ఈ థర్మామీటర్ చూసేది వేడి కిరణాలనే. మెరిసే లోహం తన వేడిని కిరణాలుగా బయటికి వదిలేది చాలా తక్కువ. చుట్టుపక్కల నుంచి వచ్చేదాన్నే తిప్పికొడుతుంది. నల్ల టేపు అలా దాచుకోదు. 1800లో విలియం హెర్షెల్ కంటికి కనబడని ఈ కిరణాలను పట్టుకున్నదీ బుడ్డికి నల్లరంగు పూసిన థర్మామీటర్లతోనే. నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా ముచ్చటేస్తుంది.

మర్నాటి నుంచి తమ్ముడు కరెంటు తీసి హీట్‌సింక్‌కు టేపు అంటించాకే చూస్తున్నాడు. అక్క మూకుడును వదిలేసి, నూనెను గరిటెతో కలిపి, పొగ మిషన్ అద్దానికి తగలకుండా పక్కనుంచి నూనెకే గురిపెడుతోంది. 175 చూపాకే బజ్జీ వేస్తోంది.

నీతి: పనిముట్టు ఏం చూడగలదో తెలుసుకున్నాకే దాని మాట నమ్మాలి.

కొనేటప్పుడూ ఇదే వర్తిస్తుంది. కరోనాలో నుదుటికి పెట్టిన రకం వద్దు, అది జ్వరం దాటి చూడలేదు. వంటకు కనీసం 300 డిగ్రీల దాకా చూపేది కావాలి. ఎర్రచుక్క గురికి మాత్రమే, వేడిని కొలిచేది అది కాదు. డబ్బా మీద 12:1 అని ఉంటే 12 అంగుళాల దూరం నుంచి అంగుళం వెడల్పున్న వలయంలోని వేడినంతా కలిపి సగటు చెబుతుందని అర్థం. గోరంత ఐసీని అంత దూరం నుంచి అడిగితే చుట్టూ ఉన్న బోర్డు కూడా జవాబిస్తుంది. దగ్గరికి వెళ్లాలి. ఎమిసివిటీ, అంటే వస్తువు తన వేడిని కిరణాలుగా ఎంత వదులుతుందన్న లెక్క, మార్చుకునే వీలున్నది ఇంకో వంద ఎక్కువైనా తీసుకోండి. అది దొరక్కపోతే, నల్ల టేపు చుట్ట ఒకటి దానితోపాటే కొనండి.