తెలియనివారి పంక్తి

అన్నము అమ్మరాదని మన పెద్దలు తలచిరి. ఆకలిగొన్నవానికి పెట్టుటయే ధర్మమనిరి. కాని తినువాని కులమేదని అడుగుటయు ఆ ధర్మముతోడనే పెరిగినది. అన్నమమ్మెడు అంగడి ఆ ప్రశ్నను నిజముగా తుడిచివేసినదా? ఇదియే మా విచారము.

మా చిలమత్తూరు ప్రాంతమున వానలు తప్పిన యేడు జనులు పనికై పోవునది బెంగుళూరునకే. ఇటీవల మేమును ఒక మిత్రునితో అచటికి పోయి, దండు ప్రాంతమున ఫ్రెంచివారి పద్ధతిని నడచుచున్న చిన్న భోజనశాలలో కూర్చుంటిమి. ఇట్టిదానిని వారు బిస్ట్రో అందురు. ఆడంబరము లేదు, చిన్న బల్లలు దగ్గరదగ్గరగా వేసియున్నవి, ఆనాటి వంటకములు నల్లపలకపై సుద్దతో వ్రాసియున్నవి. మేము తిన్నది ఉల్లిచారు. ఉల్లిని వెన్నలో ఎర్రగా వేచి కాచి, పైన రొట్టెయు చీజును పరచి కాల్చెదరు. పారిసులోని లే హాల్ సంతలో మూటలు మోసిన కూలీలు తెల్లవారుజామున త్రాగినది ఈ చారే. మన రాగిసంగటివలె కష్టజీవి తిండి. రెస్టారెంటు అను మాటకు కూడ ఫ్రెంచిలో మొదట సేదదీర్చు రసమనియే అర్థము; 18వ శతాబ్దమున ఆ రసమమ్మిన అంగళ్లకు అది పేరైనది.

మా ప్రక్కబల్లవారి కులము మేమడుగలేదు. వండినదెవరో విచారింపలేదు. మా సంస్కారమునకు మేమే మెచ్చుకొనుచుంటిమి. అంతలో వడ్డించు యువకుడు మా మాట విని, "సార్, మీది చిలమత్తూరా? మాది ప్రక్క పల్లెనే" యనెను. తోడనే మా మనస్సున లేచిన ప్రశ్న: ఎవరి పిల్లవాడు? పైకి అడుగలేదు. కాని సిగ్గుపడితిమి.

ఎరుగనివారితో కలిసి తినుట సులభము. అది మన గుణము కాదు, నగరము మనకు కప్పిన ముసుగు. దానిని బొత్తిగా నిరసింపరాదు. ఒకప్పుడు దక్షిణదేశపు హోటళ్లలో బ్రాహ్మణులకు వేరుగది యుండెడిది. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగపు 15వ అధికరణము, కులమునుబట్టి ఎవరినిగాని హోటలులోనికి రానీయకుండుటను నిషేధించినది. అది గొప్ప మేలు. అయినను చట్టము హోటలు తలుపు తెరువగలదు గాని మన వంటింటి తలుపు తెరువలేదు. సహభోజనమొక్కటే కులమును చంపజాలదని అంబేద్కరు 1936లోనే హెచ్చరించెను. ఇక తెలియక చేసిన సహభోజన మేమి చేయగలదు? తెలిసియు కలిసి తిన్ననాడే అది ధర్మము.

లేచునపుడు ఆ యువకునితో, పండుగకు ఊరికి వచ్చినపుడు మా యింట భోజనము చేయవలెనంటిమి. అతడు నవ్వి, "చూస్తాను సార్" అనెను. ఆ పిలుపును అతడేల నమ్మవలెను? తన పల్లెలో అట్టి పంక్తిని అతడు చూచియుండడు. మాకైనను అట్టి అతిథిని పిలుచుట అదియే మొదలు. ఇంటికి వచ్చి మా యిల్లాలితో ఈ సంగతి చెప్పితిమి. "పిలుచుట సరే, ఆకు ఎక్కడ వేయుదురు?" అని ఆమె యడిగెను. చదువరులును తమ యిండ్లలో ఈ ప్రశ్నకే సమాధానము చెప్పుకొనవలెను. మా యింట నడుమనే వేయుదుము.