జోలెకు అర్పింపవలసినది

లింగవంతుని నోటికి చేరు ప్రతి పదార్థమును ముందుగా ఇష్టలింగమునకు అర్పితము కావలెననుట శరణుల ఆచారము. అర్పితమైనది ప్రసాదము, కానిది అనర్పితము. అన్నము, నీరు, ఫలము ఈ పరీక్షకు నిలుచును. నేడు బాలుర చేతులలోనికి రహస్యముగా వచ్చిన ఒక వస్తువు మాత్రము నిలువజాలదు. అది ఎలక్ట్రానిక్ సిగరెట్టు. పిల్లల వాడుకలో వేప్.

చూచుటకది కలమువలెనో, పెన్‌డ్రైవువలెనో ఉండును. లోపలి బ్యాటరీ ఒక ద్రవమును వేడిచేయగా వెలువడు ఆవిరిని పీల్చుదురు. అందు మామిడి, పుదీనా వంటి పరిమళములు కలుపుటచే బీడీ వాసన రాదు, కన్నతల్లియు పసిగట్టలేదు. ఉత్త నీటియావిరియేయని స్నేహితుడు నమ్మించును. అది నీటియావిరి కాదు. పెక్కింటిలో పొగాకునందలి నికోటిన్ ఉండును. మనుష్యుని మెదడు ఇంచుమించు 25 ఏండ్ల వరకు ఎదుగుచునే యుండును. ఆ లేతప్రాయమున నికోటిన్ చేరినచో ఏకాగ్రతయు, మనోనిగ్రహమును సడలును. వ్యసనము త్వరితముగ వేరూనును. భారత ప్రభుత్వము 2019లో చట్టము చేసి వీని తయారీని, దిగుమతిని, అమ్మకమును, ప్రకటనలను నిషేధించినది. అయినను దొంగచాటు అమ్మకము ఆగలేదు.

దేహమే దేవాలయమని బసవేశ్వరుని బోధ. ఉదయము విభూతి ధరించి, కరస్థలమున లింగమునుంచి పూజించిన బాలుడే సాయంకాలము ఆ లింగము ఎదపై నుండగా ఈ పొగను గుండెల నిండ పీల్చును. దానిని లింగమునకు చూపగలడా? చూపలేడు. ఆ సంకోచము వానిలో గురూపదేశము ఇంకను సజీవముగా నున్నదనుటకు గుర్తు. మరి లింగమునకు అర్పింపరానిదానిని ఎవరికి అర్పింపవలెను?

ఈ ప్రశ్నకు ఇలకల్లు చిత్తరగి సంస్థాన మఠాధిపతులు డాక్టర్ మహాంత శివయోగులు తమ ఆచరణచే సమాధానము చూపిరి. 1975లో వారు జోలె భుజమున వేసికొని ఊరూర ఇల్లిల్లు తిరిగిరి. వారడిగిన భిక్ష ధాన్యము కాదు, ధనము కాదు. మద్యము, పొగాకు మున్నగు దుర్వ్యసనములనే జోలెలో వేయుడని చేయి చాచిరి. అదియే మహాంత జోలెగా ప్రసిద్ధమైనది. వారు 2018లో లింగైక్యులైరి. వారి జన్మదినమగు ఆగస్టు 1వ తేదీ కర్ణాటకమున వ్యసనముక్త దినముగా జరుపబడుచున్నది.

జోలె పట్టినవాడు దూషింపడు, వేసినదానిని స్వీకరించును. ఈ ధర్మము గృహస్థులు గ్రహింపవలసినది. కుమారుని పుస్తకాల సంచిలో వేప్ కనబడినదనుకొందము. తండ్రి నలుగురిలో కొట్టి తిట్టినచో బాలుడు మానడు. మరింత చాకచక్యముగా దాచుట నేర్చును. దాపరికమే ఈ వ్యసనమునకు ఆహారము. పైగా తండ్రి నోట గుట్కా యుండగా చెప్పిన నీతి ఏ బిడ్డ చెవికెక్కును? కనుక మొదటి భిక్ష పెద్దలది. తండ్రి తన పొట్లమును జోలెలో వేసి, "నాయనా, ఇక నీది వేయుము" అన్ననాడు ఆ మాటకు బలము చేకూరును.

వేసినంతనే పని ముగియదు. మానిన తొలి దినములలో చిరాకు, తలనొప్పి, నిద్రలేమి బాధించును. దానిని పొగరని తలపక వ్యాధి లక్షణముగ నెంచి ఓర్పు వహింపవలెను. పొగాకు విడుచువారికి ఉచిత సలహానిచ్చు జాతీయ టెలిఫోను సంఖ్య 1800-11-2356 కలదు. వైద్యుని ఆశ్రయించుట శివభక్తికి లోపము కాదు. చేతులకు కాయకము, సాయంకాలములకు దాసోహసేవ కల్పించినచో మనస్సు పాతదారి మరచును.

మన మఠములలో ప్రతి బసవజయంతికిని ఒక జోలెను వ్రేలాడగట్టవచ్చును. ఎవరు ఏమి వేసిరో అడుగరాదు, ఎన్నరాదు. లింగమునకు చూపలేక దాచుకొన్నదానిని ఒక బాలుడు అందులో విడిచి, తేలికైన ఎదతో గర్భగుడి ముందు నిలిచినచో, ఆ జయంతి సార్థకమైనట్లే.