కుందేటి కన్ను – మనుజుని ఋణము

అమలాపుర పరిసరములలో సార్వా కోతలు ముగిసి కుప్పనూర్పులు సాగు దినములలో, ఎగిరిన వరిగడ్డి మొన రైతు నల్లగుడ్డును గీచి, ఆ గీతలో ఫ్యుసేరియమో ఆస్పర్‌జిల్లసో యను బూజు వేరూనినచో, ఎఱ్ఱబారిన కన్ను పుండై, మానినను పువ్వు పడి చూపు నపహరించును. దీనికి ప్రధానౌషధమైన నాటమైసిన్ చుక్కలు నల్లగుడ్డు లోతులకు చక్కగా నింకవు గావున, తోడుగా మఱియొక మందిచ్చిన మేలగునా యని వైద్యులు వెదకుచున్నారు. ఆ వెదకులాట తఱచుగా కుందేటి కంటియొద్ద నారంభమగును.

మత్తు నిచ్చిన కుందేటి నల్లగుడ్డులోనికి సన్నని సూదితో బూజుబీజముల నెక్కించి, పుండు పడిన పిదప కొన్నిటికి నాటమైసిన్ మాత్రము, కొన్నిటికి తోడుమందుతో గూడ, కొన్నిటికి మందులేని చుక్కలు వేసి, తుదకు ప్రాణము తీసి, ఆ నల్లగుడ్డును కోసి బూజెంత మిగిలెనో లెక్కింతురు. నిరపరాధియగు ప్రాణికి వ్యాధిని కల్పించి మన వ్యాధికి మందు వెదకుట ధర్మమా?

నాగటిచాలునను ప్రాణులు చచ్చునని భారతమున ధర్మవ్యాధుడు కౌశికునకు బోధించెను గదా యని కొంద ఱందురు. కాని నాగలి చంపునది రైతు కోరని చావు. ఇచ్చట బాధను బుద్ధిపూర్వకముగా కల్పించుచున్నాము. పావురమును కాచుటకు శిబి కోసి యిచ్చినది తన మాంసము. మన మిచ్చునది పరుల కన్ను. కావున దీనిని త్యాగమనరాదు, ఋణమనవలెను. అనివార్యమైనచో ఋణము చేయవచ్చును గాని, తీర్చక మానరాదు.

తీర్చు మార్గములు కలవు. ప్రాణులకు మాఱుగా వేఱుపాయము వెదకుట, సంఖ్య తగ్గించుట, బాధ తగ్గించుట యను మూడు నియమములను రసెల్, బర్చ్ అను నాంగ్లేయులు 1959లో చెప్పిరి. మన దేశమున 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రయోగములపై పర్యవేక్షణ సంఘమునకు తావిచ్చినది. విఫలమైన ఫలితమును దాచకుండుటయు ఋణశోధనమే. భారత, నేపాల దేశములలో ఇట్టి బూజుపుండు గల 240 మంది రోగులపై జరిగి 2016లో వెలువడిన పరీక్షలో, చుక్కలకు తోడుగా బూజును చంపు వొరికొనజోల్ అను మందు మాత్రలిచ్చినను నల్లగుడ్డు చిల్లుపడుట గాని, శస్త్రచికిత్స యవసరము గాని మొత్తముమీద తగ్గలేదు. దుష్ఫలితములు మాత్రము హెచ్చినవి. తర్కమునకు మేలుగా తోచినది ఫలింపలేదని లోకమున కెఱిగింపనిచో, అదే ప్రశ్నకై మఱికొన్ని కన్నులు వ్యర్థముగా బలియగును.

మిగిలిన ఋణభాగము మనది. నూర్పిడివేళ కన్నులకు అద్దములు పెట్టుకొనుట, నలుసు పడినప్పుడు ఆకుపసరు, చనుబాలు, అంగడిలో నడిగి తెచ్చిన స్టెరాయిడ్ చుక్కలు పోయక ఆ దినమే కంటివైద్యుని చేరుట కష్టకార్యములు కావు. నివారింపదగిన వ్యాధిని నివారింపక, దాని మందునకై మూగప్రాణి కన్నును పణమొడ్డుట ధర్మము కానేరదు.