టగ్గు బేరం

1948లో ‘జల ఉష’ ఓడ నీళ్లలోకి దిగినప్పటి నుంచీ విశాఖపట్నానికి ఓడల తయారీ కొత్త కాదు. ఆ ఊళ్లోనే, పేరు అక్కర్లేని ఒక యార్డులో ముగ్గురు డిజైనర్లకు ఒక టగ్గు గీసే పని పడింది. రేవులోకి వచ్చే పెద్ద ఓడల్ని లాగి, నెట్టి బెర్తుకి చేర్చే చిన్న పడవ అది.

టగ్గుని నడిపే గది, అంటే వీల్‌హౌస్ గీసే అమ్మాయి దాన్ని మీటరు ఎత్తు పెంచాలంది. ఇంజను డిజైనరు ఇంజను గదికీ అంతే ఎత్తు అడిగాడు. టగ్గు ఒడలు, అంటే హల్ గీసే ఆయన ససేమిరా అన్నాడు. “పైన బరువు పెరిగితే, తాడు పక్కకి లాగినప్పుడు టగ్గు బోర్లా పడుతుంది.” ఎలాగూ కోస్తారని ఇద్దరూ ముందే పెంచి అడిగారు. పూర్ణా మార్కెట్లో వంకాయల బేరంలా వారం నడిచి, చెరి అర మీటరు దగ్గర తెగింది. లెక్క వేస్తే అదీ నిలకడ పరీక్ష దాటలేదు.

ఒకప్పుడు లాఫ్ట్ నేల మీద ఓడ గీతల్ని అసలు కొలతల్లో గీసిన పెద్దాయన ఒకరు అప్పుడు అక్కడికొచ్చాడు.

“ఎత్తు నీకెందుకమ్మా?”

“వెనకాల తాడు కొక్కెం కనబడాలండీ. పొగగొట్టం అడ్డొస్తోంది.”

ఇంజను డిజైనరు తల పైకెత్తాడు. “అంతేనా? రెండు ఇంజన్లున్నాయి. చెరో పక్కా ఓ సన్న గొట్టం పెట్టేస్తాను. ముందే చెప్పొచ్చుగా!”

“మీరు అడిగారా?”

“మరి నీకేటి కావాలి బాబూ?” అన్నాడు పెద్దాయన అతనితో.

పిస్టన్లు పైకి తీయడానికి జాగా కావాలట. ఇంజను గది పైనున్న భోజనాల గది నేలలో బోల్టులు విప్పితే వచ్చేసే పలక పెడతానంది అమ్మాయి. టగ్గు ఒక్క సెంటీమీటరు పెరగలేదు.

నీతి: కలిసి గీసేవాళ్లు కొలత కోసం బేరమాడే ముందు అవసరం చెప్పుకోవాలి. బేరమే తప్పని నేననను. పైవాడొకడు ఏకపక్షంగా తేల్చేసి ఉంటే పొగగొట్టం మధ్యలోనే ఉండేది. చెరిసగం మాత్రం న్యాయంలా కనబడే బద్ధకం. ఇక హల్ గీసే ఆయన మొండితనం సంగతి: ఆయన కాదనకపోతే మిగతా ఇద్దరూ వేరే దారి వెతికేవారే కాదు. పైగా వారమంతా సాగిన ఆ వాదనలో తన మాటకి కారణం చెప్పింది ఆయనొక్కడే.