కథ ముందే చెప్పిన మాట



కథ చివర పెద్ద దెబ్బ తగిలినప్పుడు, "అరె, దీని ఆనవాలు మొదట్లోనే ఉంది కదా!" అనిపిస్తుంది ఒక్కోసారి. ఆ ఆనవాలు పట్టుకోవడం నాకు బాగా నేర్పింది మన సికింద్రాబాద్ మనిషి తీసిన సినిమా. 1934లో తిరుమలగిరిలో పుట్టిన శ్యామ్ బెనెగల్ తొలి కథాచిత్రం, 1974 నాటి 'అంకుర్'.

సినిమా మొదలవడమే లక్ష్మి తన కడుపు పండాలని ఊరి అమ్మవారికి మొక్కుకోవడంతో. పల్లెల్లో మామూలుగా కనిపించేదే గనక మన చూపు అక్కడ ఆగదు. ఆమె భర్త కిష్టయ్య కుమ్మరి. మాట రాదు, వినపడదు. అల్యూమినియం గిన్నెలొచ్చాక కుండలు అడిగేవాళ్ళు తగ్గారు. కల్లు దొంగిలించి దొరికితే గుండు గీయించి గాడిద మీద తిప్పుతారు. ఆ అవమానంతో ఊరొదిలి పోతాడు. భూస్వామి కొడుకు సూర్య వల్ల లక్ష్మికి నెల తప్పుతుంది.

నడుమ ఒక పంచాయతీ. బిడ్డ కావాలని మొగుణ్ణి వదిలి వెళ్ళిన రాజమ్మను మళ్ళీ ఆ మొగుడి దగ్గరే పడి ఉండమంటారు. లక్ష్మి కోరికా అదే కదా! కథకు సంబంధం లేనట్టున్న ఆ తీర్పు నిజానికి లక్ష్మి బతుకు మీదే పడుతోంది.

తర్వాత కిష్టయ్య తిరిగొస్తాడు. భార్య కడుపు చూసి మురిసిపోయి అమ్మవారికి దణ్ణం పెడతాడు. మొదటి మొక్కు ఎంత బాధగా తీరిందో చూడండి. పని అడుగుదామని చేతికర్రతో సూర్య దగ్గరికి బయల్దేరతాడు. పగ తీర్చుకోవడానికే వస్తున్నాడని సూర్య బెదిరిపోయి, మనుషుల చేత పట్టించి తాడుతో చావబాదుతాడు. "పని కోసం వచ్చాను దొరా" అనడానికి కిష్టయ్యకు నోరు లేదు. జాలి కోసం పెట్టారనుకున్న మూగతనం మీదే ఆ ఘట్టమంతా నిలబడింది.

భారతంలో కర్ణుడి శాపం బాహాటంగా పడుతుంది. రథచక్రం ఎప్పుడు కుంగుతుందా అని ఎదురుచూస్తాం. ఇక్కడ ఆ హెచ్చరిక లేదు. మొక్కైనా మూగతనమైనా ఉన్నచోట దాని పని అది చేసుకుంటూనే, ముందు రాబోయేదాన్ని మోస్తుంది. నా మటుకు అసలైన సూచన అదే. ఉరుములు, మెరుపులు, ఎదురొచ్చే పిల్లులు దాని ముందు చిన్నబోతాయి.

మీ పిల్లలు కథ చదివాక "తర్వాత ఏమైంది?" అనే అడక్కండి. "నీకు మొదట ఎక్కడ అనుమానం వచ్చింది?" అని కూడా అడగండి. ఆ పేజీ వాళ్ళనే వెతికి చూపించమనండి.